రెండు ఊళ్ళ తేడా

అతని అసలు పేరు ఆఫీసు హాజరుపట్టీకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. వాతావరణ కార్యాలయంలో అందరూ అతన్ని సగటు అంటారు. రేపు వాన పడుతుందా అని ఎవరైనా అడిగితే కిటికీలోంచి ఆకాశం వంక చూడడు, "ఈ నెలలో సగటున..." అని మొదలుపెడతాడు. క్యాంటీనులో టీ ఎలా ఉందన్నా సగటున బాగానే ఉందంటాడు. ఆ పేరు మెల్లగా ఆఫీసు గేటు దాటి ఇంటిదాకా వచ్చింది. కోపం వచ్చినప్పుడు భార్య కూడా "సగటుగారూ" అని పిలుస్తుంది. ఆ 'గారు' వినగానే అతనికి చెమటలు పడతాయి.

మనిషి మంచివాడే. అబద్ధమాడడు, ఎవరి మీదా గొంతు పెంచడు. ఒక్క మాట తేల్చి చెప్పమంటే మాత్రం నీళ్ళు నములుతాడు. ఇద్దరు మనుషుల మధ్య ఎవరిది తప్పో చెప్పాల్సి వస్తే చెప్పుల కోసం వెతుక్కుంటాడు. అలాంటివాడికి ఆ ఏడాది ఎండలు ముదరకముందే పెద్ద పరీక్ష వచ్చి పడింది.

అతని భార్య పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళ నోరు తెరిపించి, అందులో పనిముట్లు పెట్టి, అప్పుడు తీరిగ్గా ప్రశ్నలడగడం ఆమె వృత్తి. అక్కడ జవాబు రాకపోయినా సర్దుకుపోతుంది, ఇంట్లో మాత్రం జవాబు కావాలంటుంది. పది నెలల పాపతో ఆమె తీసుకున్న సెలవు అయిపోవచ్చింది. పిల్లల్ని చూసుకునే కేంద్రంలో చోటు ఎండాకాలం వెళ్ళాకే దొరుకుతుందన్నారు. అందాకా పాపను నానమ్మ దగ్గరైనా ఉంచాలి, అమ్మమ్మ దగ్గరైనా ఉంచాలి. చిక్కంతా ఆ రెండు 'అయినా'ల మధ్య ఉంది.

అతని తల్లిది సముద్రం ఒడ్డున ఊరు. అత్తగారిది గుట్టల మీద ఊరు. మనవరాలు తన దగ్గరే ఉండాలని ఇద్దరికీ ప్రాణం. ప్రేమ కొద్దీ అడిగితే ఎవరిది ఎక్కువ ప్రేమని గొడవ వస్తుంది కాబట్టి ఇద్దరూ తెలివిగా ఎండ మీదికి నెట్టారు.

"మాది సముద్రపు గాలిరా," అనేది తల్లి ఫోనులో. "మధ్యాహ్నం దాటితే ప్రాణం లేచొస్తుంది. అక్కడ గుట్టల మీద ఏముంది, రాళ్ళు! రాయి వేడెక్కిందంటే పొయ్యితో సమానం. పసిదాన్ని పొయ్యి మీద కూర్చోబెడతావా?"

"నిజమేనమ్మా," అనేవాడు సగటు.

పావుగంట తిరక్కుండా అత్తగారు చేసేది. "అల్లుడుగారూ, మా ఊళ్ళో ఎండాకాలం కూడా తెల్లవారుజామున దుప్పటి వెతుక్కుంటాం. సముద్రం పక్కన ఏముందండీ, ఉక్క! పాపకి ఒళ్ళంతా చెమటకాయలు లేస్తే ఎవరిది బాధ్యత? ఊరికే అంటున్నాను, వదినగారు ఏమీ అనుకోకూడదు."

"నిజమేనండీ అత్తయ్యగారూ."

భార్య పక్కనే కూర్చుని ఈ రెండు నిజాలూ వారం రోజులు వింది. చివరికి ఒక సాయంత్రం ఫోను అతని చేతిలోంచి లాక్కుని సోఫాలో పడేసింది.

"ఇద్దరికీ నిజమే అంటే రేపు ఇద్దరూ పెట్టెలు సర్దుకుని గుమ్మంలో నిలబడతారు. మా అమ్మ దగ్గరికే పంపుదామని నేనంటే మీ అమ్మగారు నొచ్చుకుంటారు. మీ అమ్మగారి దగ్గరికని మీరంటే మా అమ్మ జన్మలో మర్చిపోదు. ఏదో ఒకటి మీరే తేల్చండి, సగటుగారూ."

ఆ 'గారు' పడగానే అతని నోట్లోంచి మాట జారిపోయింది. "నేను లెక్క చూసి చెప్తాను. లెక్క ఎవరి పక్షమూ కాదు కదా."

ఆ మాట అనడానికి కారణం లేకపోలేదు. ఆఫీసులో పెద్దసారు అప్పటికే అతనికి ఒక పని అప్పగించి ఉన్నాడు. తీరప్రాంతంలోనూ గుట్టల ప్రాంతంలోనూ నలభై ఏళ్ళుగా ఉష్ణోగ్రత ఎలా మారుతూ వచ్చిందో పోల్చి నివేదిక రాయాలి. తీరానికి ప్రతినిధిగా పెద్దసారు ఎంచుకున్న వాతావరణ కేంద్రం సాక్షాత్తూ సగటు పుట్టి పెరిగిన ఊళ్ళోది. గుట్టల వైపుది అత్తగారి ఊళ్ళోది. దేవుడే దారి చూపించాడనుకున్నాడు సగటు. ఒకే లెక్కతో ఆఫీసు పనీ తీరుతుంది, ఇంటి తగువూ తీరుతుంది, ఇందులో తను తేల్చాల్సింది ఏమీ ఉండదు.

పోల్చడంలో ఒక పద్ధతి ఉంది. సముద్రపు ఊరు మొదటినుంచీ వేడిదే, గుట్టల ఊరు మొదటినుంచీ చల్లనిదే. రెంటినీ పక్కపక్కన నిలబెట్టి ఎవరు వేడి అని అడిగితే కొత్తగా తెలిసేదేం లేదు. ముందు ఏ ఊరిని ఆ ఊరి పాత సగటుతో పోల్చాలి, ఎంత తేడా వచ్చిందో చూడాలి. ఆ తర్వాత ఆ తేడాలను పోల్చుకోవాలి. ఈ పద్ధతి సగటుకు ఎంత నచ్చిందంటే, రాత్రి భోజనాల దగ్గర భార్యకు విప్పి చెప్పాడు.

"మనుషుల్ని కూడా అలాగే చూడాలనిపిస్తుంది నాకు. నిన్ను పక్కింటావిడతో పోలిస్తే అన్యాయం. పెళ్ళయిన కొత్తలో నువ్వెలా ఉన్నావు, ఇప్పుడెలా ఉన్నావు, ఆ తేడా తీస్తే..."

"తియ్యండి," అంది భార్య చెంచా కింద పెట్టి. "ఎంతొచ్చింది?"

అతను కుక్కిన పేనులా తిని, గిన్నెలు కూడా తనే కడిగాడు.

లెక్క మాత్రం సాఫీగా సాగలేదు. గ్రాఫులో తీరం గీత మొదట్లో ఒక గుంట కనిపించింది. ఉన్నట్టుండి ఒక ఏడాది పగటి ఉష్ణోగ్రతలు పడిపోయాయి. అలా ఏడేళ్ళు సాగి, చివర్లో మెల్లమెల్లగా పైకి లేచి మామూలయ్యాయి. పక్కనున్న రేవు కేంద్రంలో ఆ గుంట లేదు, అవతలి పట్నంలోనూ లేదు. ఏడేళ్ళపాటు ఆకాశం ఒక్క ఊరి మీదే చల్లగా ఉండదు కదా. పైగా ఆ గుంట వల్ల పెద్ద చిక్కొకటి ఉంది. మొదట్లో చల్లగా కనిపిస్తే, తర్వాత వచ్చిన వేడి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఆ గుంటతో చూస్తే సముద్రపు ఊరు నిప్పుల కొలిమి అయిపోతున్నట్టుంది. గుంట తీసేస్తే ఎక్కువ మారింది గుట్టల ఊరు.

తీసేయాలంటే కారణం కావాలి. పరికరాలు మార్చారా అని చూశాడు, మార్చలేదు. కేంద్రాన్ని జరిపారా అని చూశాడు, అంగుళం జరపలేదు. ఆ కేంద్రం అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. వాళ్ళ పెరటి గోడకు ఆనుకునే ఉండేది. గడ్డిలో నాలుగు కాళ్ళ మీద ఒక తెల్ల చెక్కపెట్టె, గాలాడడానికి సందుల పలకలు, లోపల రోజులోని అత్యధిక వేడిని పట్టి ఉంచే థర్మామీటర్లు. అటువైపు గోడ సగం కూలి ఉండేదని గుర్తొచ్చి, ఏమైనా తెలుస్తుందేమోనని తల్లికి ఫోను చేశాడు.

"ఆ తెల్లపెట్టా? ఎందుకు గుర్తులేదూ," అంది తల్లి హుషారుగా. "ఎంత ఉపయోగపడిందో! మన పెరట్లో ఎండ తగిలేది కాదు. నీ పక్కగుడ్డలన్నీ దాని మీదే ఆరేసేదాన్ని."

సగటుకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "నా గుడ్డలా?"

"మరి నావా? రాత్రంతా తడిపేవాడివి. పొద్దున్నే లెక్క రాసుకునే ఆయన వచ్చి వెళ్ళగానే గోడ దాటి ఆరేసేదాన్ని. సాయంత్రం ఆయన మళ్ళీ వచ్చేలోపు తీసేసేదాన్ని. చూస్తే గొడవ చేస్తాడని భయం. ఏం, అది తప్పా?"

"ఎన్నాళ్ళు ఆరేశావమ్మా?" అని అడిగాడు గానీ, జవాబు అతని ముందున్న తెర మీద గుంటై కనిపిస్తూనే ఉంది.

"నువ్వు మానేసేదాకా! ఏడేళ్ళు నిండాక గానీ మానలేదు కదరా. డాక్టరుకి కూడా చూపించాం."

ఫోను పెట్టేసి తల పట్టుకున్నాడు. ఒక ప్రాంతపు వాతావరణ చరిత్రలో తన పడక ఇంత లోతుగా దిగబడి ఉంటుందని అతను కలలో కూడా అనుకోలేదు. అయినా వృత్తి వృత్తే కాబట్టి తల్లి మాట ఒక్కటే చాలదనుకుని పరీక్షించి చూశాడు. వానాకాలంలో బట్టలు ఇంట్లో ఆరేస్తారు, ఆ నెలల్లో గుంట లేదు. ఏటా సెలవులకు అమ్మమ్మగారింటికి వెళ్ళేవాళ్ళు, ఆ వారాల్లోనూ లేదు. తిరిగొచ్చిన రోజునుంచీ మళ్ళీ ఉంది. చివరి రెండేళ్ళలో గుంట రోజూ కాక అప్పుడప్పుడు మాత్రమే పడింది. అంటే తను అప్పటికి బాగుపడుతున్నాడన్నమాట. ఇంత గట్టి రుజువు తన ఉద్యోగంలో మరే విషయానికీ దొరకలేదు.

మర్నాడు నివేదికలో ఇలా రాశాడు: 'కేంద్రము చెంతనున్న గృహస్థులు పరికరపు పెట్టెపై తడిబట్టలు ఆరవేయుటచే నమోదులు తగ్గినవి. సవరించబడినవి.' పెద్దసారు కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి రెండుసార్లు చదివాడు.

"ఏం బట్టలయ్యా?"

"పసిపిల్లల పక్కగుడ్డలండీ."

"ఏడేళ్ళపాటా? ఆ ఇంట్లో ఎంతమంది పిల్లలేంటి?"

"ఒక్కడేనండీ."

పెద్దసారు కాగితం మీద ఊరి పేరు చూశాడు, మళ్ళీ సగటు మొహం చూశాడు. "నీదీ ఆ ఊరే కదూ?" అన్నాడు మెల్లగా. సగటు గోడ మీది గడియారం వంక చూస్తూ నిలబడ్డాడు. పెద్దసారు పెద్దమనిషి కాబట్టి ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టాడు. కానీ పెద్దసారు గది తలుపు ఎప్పుడూ సరిగ్గా పడదు. మధ్యాహ్నానికల్లా క్యాంటీనులో అతని కుర్చీ మీద ఎవరో ఒక పాత తువ్వాలు మడిచి పరిచి ఉంచారు.

ఆదివారం వియ్యపురాళ్ళిద్దరూ దిగారు. భార్య అన్నట్టే ఇద్దరి చేతుల్లోనూ పెట్టెలున్నాయి. పాపను తీసుకెళ్ళడానికి తయారై వచ్చామని చెప్పకుండానే చెబుతున్నాయి ఆ పెట్టెలు. "బాగున్నారా వదినగారూ," అంటే "మీ దయ వదినగారూ," అనుకుని సోఫా ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు కూర్చున్నారు. పాప ఆ మధ్య దోగాడుతూ కాసేపు ఈవిడ చీర, కాసేపు ఆవిడ చీర లాగుతోంది.

సగటు గోడకు గ్రాఫు అంటించాడు. గొంతు సర్దుకుంటుండగానే అత్తగారు ఆపింది.

"మా ఊరికి ఎర్రగీత ఎందుకు పెట్టారు అల్లుడుగారూ? చూసేవాళ్ళకి అదే మండిపోతున్నట్టు ఉండదూ?"

"పోనీ ఎరుపు మాకే ఇవ్వరా, మాకేం బాధలేదు," అంది తల్లి, బాధపడుతున్నట్టు అందరికీ తెలిసేలాగా.

సగటు రెండు గీతల మీదా నల్లరంగు పెన్నుతో దిద్దాడు. దాంతో ఏది ఎవరిదో అతనికే తెలియకుండా పోయింది. భార్య లేచి పేర్లు రాసిపెట్టింది.

"మొదటి సంగతి," అన్నాడు అతను. "ఇవాళ్టికీ గుట్టల ఊరే చల్లన."

అత్తగారు పాపను ఎత్తుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"రెండో సంగతి. నలభై ఏళ్ళలో అమ్మవాళ్ళ ఊళ్ళో వచ్చిన తేడా కొంచెమే. సముద్రం కాస్త కాచుకుంటోంది. అత్తయ్యగారూ, మీ ఊళ్ళో తేడా ఎక్కువ. రెట్టింపుకన్నా ఎక్కువ."

అత్తగారి మొహం ఎర్రబడింది. "మా ఊళ్ళో తేడా ఏంటండీ! నలభై ఏళ్ళుగా కాపురం చేస్తున్నాను. మా వీధి మొత్తం మీద ఒక్క తేడా మనిషిని చూపించండి!"

"అబ్బే, ఆ తేడా కాదండీ..."

"నేను చెప్పలేదురా," అంది తల్లి, పాప వియ్యపురాలి ఒళ్ళోకి పోయిన కసి కొద్దీ. "మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినరోజే నాకెక్కడో తేడా కొట్టింది."

"వదినగారూ, మాట జారకండి."

"అమ్మా, అత్తయ్యా, ఆగండి. తేడా అంటే లెక్కలో తేడా," అని భార్య మధ్యలోకొచ్చింది. మొగుడి వంక కొరకొరా చూసింది. "మార్పు అనొచ్చు కదా మీరు!"

అత్తగారు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. గ్రాఫు దగ్గరికి వెళ్ళి తీరం గీత మొదట్లో చుక్కల గీతతో పూడ్చిన చోట వేలు పెట్టింది. "ఇక్కడేదో పూడ్చారే. ఇది లేకపోతే వాళ్ళ ఊరే ఎక్కువ మారినట్టు కదా? ఎవరు చెప్పారు పూడ్చమని?"

"నేనే చెప్పాను," అంది తల్లి. "తడిగుడ్డలు ఆరేశాను కాబట్టి."

"బాగుందండీ! కొడుకు తీర్పు, తల్లి సాక్ష్యం. గుడ్డలు ఆరేస్తే ఊరు చల్లబడిందని నా చెవిలో పువ్వు పెడుతున్నారా?"

పక్షపాతి అన్న మాట ఆమె అనలేదు గానీ గదిలో అందరికీ వినిపించింది. ఏ మాట పడకూడదని సగటు లెక్కను ముందు పెట్టుకున్నాడో ఆ మాటే పడింది. పరువా, నిజమా అని ఇంక బేరీజు వేసుకోలేదు. వానాకాలం సంగతి చెప్పాడు, సెలవుల సంగతి చెప్పాడు. గుడ్డలు ఎవరివో చెప్పాడు, ఎన్నేళ్ళవో కూడా చెప్పాడు.

అత్తగారు అల్లుణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. "ఏడేళ్ళా అల్లుడుగారూ?"

"చివర్లో వారానికి ఒక్కసారేనండీ," అన్నాడు సగటు. "సగటున."

ముందు భార్య నవ్వింది. చీర కొంగు నోట్లో కుక్కుకుని అత్తగారు నవ్వింది. "చాపలు కూడా మిగల్చలేదు వదినగారూ," అని తల్లి ఇంకో పుల్ల వేసేసరికి ఇద్దరూ ఒకరి భుజాల మీద ఒకరు పడి, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. ఎందుకో తెలియకపోయినా పాప కూడా చప్పట్లు కొట్టింది. ఇల్లంతా నవ్వుతుంటే సగటు ఒక్కడే గ్రాఫు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సిగ్గుగానే ఉంది, కానీ గుండెల మీంచి బరువు దిగినట్టు కూడా ఉంది.

"సరే నాయనా, నమ్మాను," అంది అత్తగారు కళ్ళు తుడుచుకుని. "మాదే ఎక్కువ మారిందనుకుందాం. నాకూ తెలుస్తూనే ఉందిలే. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా ఇంట్లో ఫ్యానే లేదు. ఇప్పుడు మూడు గదుల్లోనూ ఉన్నాయి. ఇలాగే పోతే మా ఊరు వదినగారి ఊరిలా ఎప్పటికవుతుంది?"

ఇలాంటి ప్రశ్న వస్తే సగటుకు ఉత్సాహం ఆగదు. స్కేలు తీసి గుట్టల ఊరి గీతను గ్రాఫు దాటించి గోడ మీదికే పొడిగించాడు. ఇవాళ్టి తీరపు వేడి ఎంతో అక్కడికి అడ్డంగా ఇంకో గీత గీశాడు. రెండూ తగిలిన చోట పెన్ను పెట్టాడు.

"ఇదే వేగమైతే ఇంకో అరవై ఏళ్ళండీ. కాస్త అటూ ఇటూ."

"ఓస్, అరవై ఏళ్ళా! అప్పటికి మనం ఉంటామా ఏంటి," అని అత్తగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

తల్లి మాత్రం గోడ మీది ఆ చుక్కను చూస్తూ ఉండిపోయింది. తర్వాత వియ్యపురాలి ఒళ్ళో ఉన్న పాపను చూసింది. "అప్పటికి దీనికెన్నేళ్ళురా?"

సగటు నోరు తెరిచాడు. సులువైన కూడిక. నలభై ఏళ్ళ అంకెలు రోజుల తరబడి ముందు పెట్టుకుని కూర్చున్నాడు, ఈ ఒక్క కూడిక మాత్రం చేయలేదు. "అరవై దాటుతాయి. ఇప్పుడు మీ ఒక్కొక్కరికీ ఉన్నంత వయసు," అన్నాడు.

పాప అమ్మమ్మ గాజులు లెక్కపెడుతున్నట్టు ఒక్కొక్కటే పైకి తోస్తోంది. దానికి కూడా ఒకనాటికి నడుం నొప్పి వస్తుందని, చేతిలో పెట్టె పట్టుకుని ఎవరి గుమ్మంలోనో మనవరాలి కోసం నిలబడుతుందని, ఆ ఇంట్లో అంతవరకూ ఎవరికీ తట్టలేదు. సగటుకు భయం వేసింది. తను గీసిన గీత చివర ఒక మనిషి ఉందని అతను ఇప్పుడే చూశాడు.

"అప్పుడు ఇది దాని మనవరాలిని చల్లటి చోటుకని ఎక్కడికి పంపుతుంది?" అంది తల్లి. అది ఎవరినీ అడిగినట్టు లేదు. అయినా భార్య అలవాటుగా మొగుడి వంక చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు.

తల్లి లేచి వెళ్ళి వియ్యపురాలి పక్కనే కూర్చుంది. పాప కాలు పట్టుకుని బొటనవేలు నిమిరింది.

"దీన్ని నువ్వే తీసుకెళ్ళు వదినా," అంది. పిల్లల పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె వియ్యపురాలిని 'నువ్వు' అనడం అదే మొదటిసారి. "మా ఊరికేం, ఎప్పుడూ వేడిదే, రేపూ వేడిదే. నా దగ్గరికి ఎప్పుడైనా రావచ్చు. నీ ఊరి చల్లదనం ఉండగానే దీని ఒంటికి తగలనీ. పెద్దయ్యాక గుర్తుండదనుకో. అయినా తగలనీ."

అత్తగారు దెబ్బలాడ్డానికి ఊరినుంచి మాటలన్నీ కూడగట్టుకుని వచ్చిన మనిషి. అందులో ఒక్కటీ ఇప్పుడు పనికి రాలేదు. పాపను తీసి వియ్యపురాలి ఒళ్ళో కూర్చోబెట్టింది. కళ్ళు ఒత్తుకుని లేచి, సోఫా అవతల ఉన్న ఆమె పెట్టెను తెచ్చి తన పెట్టె పక్కన పెట్టింది.

"నువ్వూ రా వదినా," అంది. "అల్లుడుగారూ, రేపటి బండికి ఇంకో టిక్కెట్టు చూడండి."